పసితనమూ పరభాషా

చిన్నపిల్లలు ఏ భాషనైనా ఇట్టే పట్టేస్తారనే మాట ఈ రోజుల్లో అందరి నోటా వినిపిస్తుంది. బిడ్డను మూడో ఏట ఇంగ్లీషు బడిలో చేర్చే తండ్రీ ఈ మాటే అంటాడు, ఫీజు వసూలు చేసే బడి యజమానీ ఈ మాటే అంటాడు, ఒక్క కలంపోటుతో సర్కారు బడుల బోధనాభాష మార్చే ప్రభుత్వమూ ఈ మాటే అంటుంది. పైగా ‘మొక్కై వంగనిది మానై వంగునా’ అనే సామెతను తోడు తెచ్చుకుంటారు. ఒకే మాట ఇంతమంది వేరువేరు ప్రయోజనాలకు పనికివస్తున్నప్పుడు, దాన్ని ఒకసారి ఆగి పరీక్షించడం మంచిది.

నేను ముప్పయ్యేళ్లపాటు జిల్లా పరిషత్తు పాఠశాలల్లో ఇంగ్లీషు చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. పిల్లలకు పరభాష ఎలా అబ్బుతుంది, ఎందుకు అబ్బదు అనే ప్రశ్న మీదనే నా జీవనోపాధి నడిచింది. కాని దాని వెనక ఒక నైతిక ప్రశ్న ఉన్నదని ఉద్యోగంలో ఉండగా నేను గుర్తించలేదు. పసివాడికి ప్రకృతి ఇచ్చిన శక్తి ఒకటి ఉంటే, దాన్ని ఏ పనికి వాడాలో నిర్ణయించే హక్కు పెద్దలకు ఎంతవరకు ఉంది? ఆ శక్తి పేరు చెప్పి వాడి నెత్తిన పెట్టే బరువుకు జవాబుదారీ ఎవరు? ఈ ప్రశ్నలు నా ముందుకు ఇద్దరు పిల్లల మూలంగా వచ్చాయి.

మాది పెద్దపల్లి ప్రాంతం. అక్కడి ఇటుక బట్టీల్లో పనిచేయడానికి ఒడిశా నుంచి ఏటా కుటుంబాలు వస్తాయి. వానలు వెనకపట్టాక వస్తారు, మళ్లీ వానలు పడేముందు పోతారు. ముందుగా తీసుకున్న అడ్వాన్సు ఈ నెలల్లో పనిచేసి తీర్చాలి. కొన్నేళ్ల కిందట అలా వచ్చిన ఒక కుటుంబంలో ఆరేళ్ల ఆడపిల్ల ఉండేది. బట్టీ మా వీధికి కూతవేటు దూరం. తల్లీ తండ్రీ తెల్లవారకముందే పనిలో పడితే, ఈ పిల్ల చెల్లెల్ని చంకన వేసుకుని మా పిల్లలు ఆడుకునే చోటికి వచ్చి నిలబడేది. మొదటి నెల దాదాపు ఒక్క మాట కూడా మాట్లాడలేదు. చూసింది, విన్నది, నవ్వింది. తరవాత ‘దా’, ‘నాది’, ‘ఒద్దు’ వంటి ముక్కలు వచ్చాయి. సంక్రాంతి నాటికి పోట్లాడటం మొదలుపెట్టింది. ఒకనాడు “మా అన్న వచ్చింది” అని అరిచింది. ఒడియాలో క్రియకు లింగభేదం లేదు. అన్న వచ్చినా అక్క వచ్చినా ఒకటే రూపం. “వచ్చింది కాదే, వచ్చిండు!” అని మా పిల్లలు పకపకా నవ్వారు. అదీ నవ్వింది. నవ్వి, “మా అన్న వచ్చింది, బెల్లం తెచ్చింది” అని తప్పుమీద తప్పు చెప్పుకుంటూ పోయింది. ఆటలో తన వంతు మాత్రం వదులుకోలేదు. ఉగాది దాటేసరికి ‘వచ్చిండు’ అనే అంటున్నది. దానికి లింగ వచన విభక్తులు ఎవరూ చెప్పలేదు.

అదే వీధిలో అదే ఈడు మగపిల్లవాడు ఒకడున్నాడు. తండ్రి ఆటో నడుపుతాడు, తల్లి బీడీలు చేస్తుంది. బీడీల మీద వచ్చే డబ్బు వాడి బడి ఫీజుకు పోతుంది. ఒడియా పిల్లకు ‘వచ్చిండు’ నేర్పినవాళ్లలో వీడే ముఖ్యుడు. ఒకరోజు వాడి తల్లి బడి డైరీ పట్టుకుని నా దగ్గరికి వచ్చి, “సారూ, గిదేం రాసిన్రో జర చూడున్రి” అన్నది. పిల్లవాడు సిగ్గరి అనీ, తరగతిలో నోరు విప్పడనీ, ఇంటి దగ్గర వాడితో ఇంగ్లీషులో మాట్లాడాలనీ రాసి ఉంది. చదివి చెప్పాను. అయిదో తరగతి వరకు తెలుగులో చదువుకున్న ఆ తల్లి ఆశ్చర్యపోయి, “వాడు సిగ్గరా సారూ? వాని నోటికి గల్లీ అంత భయపడ్తది గద!” అన్నది.

తరవాత పిల్లవాణ్ణి కూచోబెట్టుకుని అడిగాను. బడిలో తెలుగు మాట దొర్లితే రూపాయి ఫైను అన్నాడు. ఇంగ్లీషు తప్పు మాట్లాడితే అందరూ నవ్వుతారన్నాడు. కనక ఊరుకోవడం మేలని వాడు తేల్చుకున్నాడు. ఆరేళ్లవాడి తర్కంలో నాకు లోపం కనిపించలేదు. ఇంగ్లీషు పాటలు నాలుగు గుక్కతిప్పకుండా అప్పజెప్పాడు. వాటి అర్థమేమిటని అడిగితే నా మొహం చూశాడు.

ఇద్దరూ ఒక ఈడువాళ్లు, ఒక వర్గంవాళ్లు. ఒకరు ఫీజు లేకుండా, పుస్తకం లేకుండా, చెల్లెల్ని మోస్తూ అయిదు నెలల్లో ఒక పరభాష సంపాదించుకున్నారు. మరొకరు తల్లి వేళ్లరిగే కష్టం ఖర్చుపెట్టి, మూడేళ్లు బడికి పోయి, ఉన్న నోరు పోగొట్టుకున్నారు. పిల్లల సహజశక్తే అన్నీ చేసిపెట్టేదయితే ఈ తేడా ఎందుకు వచ్చింది?

అసలు ఆ సహజశక్తి అనేది ఏమిటో చూద్దాం. మొదటిది చెవి. కెనడాలో వెర్కర్, టీస్ అనే పరిశోధకులు 1984లో ప్రకటించిన ప్రయోగం ఒకటుంది. ఇంగ్లీషు కుటుంబాల్లో పుట్టిన పసికందులు ఆరు నుంచి ఎనిమిది నెలల వయసులో హిందీలోని ట, త ధ్వనుల తేడా పట్టగలుగుతున్నారు. ఏడాది నిండేసరికి వారిలో చాలామందికి ఆ నేర్పు పోతున్నది. తన చుట్టూ పనికివచ్చే ధ్వనులను ఉంచుకుని, పనికిరానివాటిని చెవి వదిలేస్తున్నదన్నమాట. రెండోది మనిషి తోడు. అమెరికాలో పట్రీషియా కూల్ బృందం 2003లో ప్రకటించిన ప్రయోగంలో, తొమ్మిది నెలల పిల్లలకు ఎదురుగా మనుషులు కూచుని చైనా భాష మాట్లాడితే వారు దాని ధ్వనులు గ్రహించారు. అవే మాటలు టెలివిజన్‌లో చూపిస్తే, రికార్డు చేసి వినిపిస్తే ఏమీ గ్రహించలేదు. పసివాడు ధ్వని యంత్రం కాడు. తనతో మాట్లాడే మనిషి నుంచి భాష నేర్చుకుంటాడు.

మూడోది మౌనం. పరభాష మధ్య పడ్డ పిల్లలు చాలామంది కొన్ని వారాలో నెలలో మాట్లాడకుండా వింటారు. ఇది మందబుద్ధి కాదు, విత్తనం నేలలో ఉన్న కాలం. నాలుగోది, తప్పంటే భయం లేకపోవడం. అయిదోది, అర్థం కోసం ఆరాటం. పిల్లలకు వ్యాకరణం అక్కర్లేదు, ఆటలో చోటు కావాలి. ఆ చోటు సంపాదించుకోవడానికి దొరికిన మాటల ముక్కను ముక్కగానే వాడేస్తారు, తరవాత దాన్ని విడగొట్టి కొత్త మాటలు చేసుకుంటారు.

ఇప్పుడీ లక్షణాలను ఒక్కొక్కటే ఆ తరగతి గదిలోకి తీసుకుపోయి చూడండి. చెవికి ఇంగ్లీషు వినిపించాలి. కాని అక్కడ చెప్పే ఉపాధ్యాయిని కూడా పుస్తకంలోనే ఇంగ్లీషు నేర్చుకున్న మనిషి. కూలికంటే తక్కువ జీతానికి నలభైమంది పిల్లల్ని కాస్తున్న ఆమెను నేను తప్పుపట్టను. మనిషి తోడు కావాలి. అక్కడ నలభైమందికీ ఒకే భాష వచ్చు, ఆ భాష మాట్లాడితే ఫైను. మౌనానికి వ్యవధి కావాలి. అక్కడ మౌనానికి ‘సిగ్గరి’ అని పేరు పెట్టి డైరీకి ఎక్కిస్తారు. తప్పు చేసే ధైర్యం మొదటివారంలోనే చచ్చిపోయింది. అర్థం బదులు కంఠస్థం వచ్చింది. పసితనాన్ని నమ్ముకున్నామని చెప్పే బడి పసితనంలోని ప్రతి లక్షణానికీ ఎదురునడుస్తున్నది.

ఇక్కడ స్వభావం అనే మాట గురించి ఒకటి చెప్పాలి. కాలిఫోర్నియాలో లిల్లీ వాంగ్ ఫిల్‌మోర్ అనే పరిశోధకురాలు 1970ల్లో అయిదుగురు మెక్సికన్ పిల్లల్ని ఇంగ్లీషు పిల్లలతో జతచేసి ఒక ఏడాదిపాటు గమనించింది. అయిదుగురూ ఒకే రీతిగా నేర్చుకోలేదు. చొరవ ఉన్నవాళ్లు, అర్థం కాకపోయినా అయినట్టే గుంపులో కలిసిపోయేవాళ్లు, స్నేహితుల సాయం నమ్ముకునేవాళ్లు ముందుకు పోయారు. అంటే స్వభావం ప్రభావం నిజమే. అయితే మా వీధి పిల్లవాడికి ఆ చొరవ లేదా? వీధిలో ఉన్నది, బడిలో లేదు. ఒకే పిల్లవాడు గడప దాటేసరికి మారిపోతే, ఆ మార్పుకు కారణం పిల్లవాడిలో వెతకాలా, గడపలో వెతకాలా? పరిస్థితి చేసిన గాయానికి స్వభావమని పేరు పెట్టడం మన సమాజానికి పాత అలవాటు. పనివాణ్ణి సోమరి అన్నారు, ఆడదాన్ని అబల అన్నారు, దళితుణ్ణి మందబుద్ధి అన్నారు. ఇప్పుడు ఆరేళ్లవాణ్ణి సిగ్గరి అంటున్నారు.

చిన్నవయసు మాట సరే, అది ఎప్పుడూ లాభమేనా? అమెరికాకు వలసపోయిన చైనా, కొరియా వాళ్లను పరీక్షించి జాన్సన్, న్యూపోర్ట్ 1989లో తేల్చింది నిజమే. ఏడేళ్లలోపు అక్కడికి చేరినవారు ఇంగ్లీషు వ్యాకరణంలో అక్కడ పుట్టినవారితో సమానమయ్యారు, పెద్దయి పోయినవారు కాలేకపోయారు. కాని వారు ఇంగ్లీషు సముద్రంలోకి పోయారు, వారానికి కొన్ని గంటల ఇంగ్లీషు చెంబులోకి కాదు. సముద్రంలో కూడా పసివాళ్లు మొదట వెనకే ఉంటారు. నెదర్లాండ్స్‌లో డచ్చి నేర్చుకుంటున్న ఇంగ్లీషువాళ్లను స్నో, హూఫ్‌నాగల్-హూలె గమనించి 1978లో రాశారు. మొదటి ఏడాదిలో అందరికంటే వెనకబడినవారు మూడు నుంచి అయిదేళ్ల పిల్లలే. పన్నెండు నుంచి పదిహేనేళ్లవాళ్లు బాగా ముందుకు పోయారు. ఇక బడి సంగతి. బార్సిలోనాలో కార్మెన్ మున్యోస్ బృందం 2006లో ప్రకటించిన ఫలితాలు చూస్తే, గంటలు సమానంగా ఇచ్చినప్పుడు ఎనిమిదో ఏట ఇంగ్లీషు మొదలుపెట్టిన వారికంటే పదకొండో ఏట మొదలుపెట్టినవారే మెరుగ్గా ఉన్నారు. దాదాపు 6 లక్షల 70 వేలమందిని పరీక్షించి 2018లో ప్రకటించిన మరొక అధ్యయనం, వ్యాకరణం పట్టుకునే శక్తి పదిహేడేళ్ల వరకు తగ్గడం లేదన్నది. పుట్టుభాషంత పట్టు రావాలంటే పది పన్నెండేళ్లలోపే మొదలుపెట్టాలని కూడా అన్నది.

వీటన్నిటి సారం ఒకటే. పసివాడి పద్ధతి నెమ్మదైనది. దానికి జీవించే భాష కావాలి, బోలెడంత కాలం కావాలి. పెద్దపిల్లవాడి పద్ధతి వేరు, అది తెలిసిన భాషను ఆధారం చేసుకుని ఎక్కుతుంది. బడిలో నేర్చే పరభాష మాతృభాషలో అప్పటికే ఏర్పడిన అర్థాల మీద ఆధారపడుతుందని వీగోత్‌స్కీ 1934లోనే చెప్పాడు. ఆ ఆధారాన్ని మూడో ఏట తీసేసి, దానికి బదులు సముద్రమూ ఇవ్వకపోతే, పిల్లవాడు ఏ మెట్టుమీద కాలుపెట్టాలి?

ఇంతవరకు వచ్చాక తెలుగు మాధ్యమం వాదులు కొందరు సంతోషిస్తారు. కాని ఆ సంతోషం అంత చవగ్గా దొరకకూడదు. “మీ పిల్లలు ఎక్కడ చదివారు?” అని బీడీలు చేసే ఆ తల్లి అడిగితే నేనేం చెప్పాలి? నా కొడుకును ఇంగ్లీషు మాధ్యమంలోనే చదివించాను. సభల్లో మాతృభాష గురించి ఉపన్యాసం ఇచ్చి, సాయంత్రం వాడి ఇంగ్లీషు హోంవర్కు చేయించాను. వాడికి ఇబ్బంది కాలేదు. ఎందుకంటే వాడికి ఇంట్లో ఇంగ్లీషు మాష్టారు ఉన్నాడు, పుస్తకాలున్నాయి, తప్పు మాట్లాడితే ఫైను లేదు. బడిలో దొరకనిదంతా ఇంట్లో దొరికింది. వాడి విజయం పసితనం మహిమ కాదు, నా ఉద్యోగం మహిమ. మధ్యతరగతి తన ఇంట్లోని వసతిని లెక్కలోంచి తప్పించి, మిగిలినదానికి ‘పిల్లల సహజశక్తి’ అని పేరు పెట్టి పేదవాడికి చూపిస్తున్నది.

కనక ఇంగ్లీషు అడిగే పేదవాణ్ణి భ్రమలో ఉన్నాడనడం అన్యాయం. అతను చూసిందే అడుగుతున్నాడు. పై కులాలవారు తమ పిల్లలకు ఇంగ్లీషు, ఇతరుల పిల్లలకు మాతృభాషాభిమానం పంచుతున్నారని కంచ ఐలయ్య వంటివారు చేసిన విమర్శకు మనలో చాలామంది దగ్గర జవాబు లేదు. బోధనాభాషను ఎంచుకునే స్వేచ్ఛ బిడ్డదనీ, బిడ్డ తరఫున తల్లిదండ్రులదనీ సుప్రీంకోర్టు 2014లో కర్ణాటక కేసులో చెప్పింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో సర్కారు బడుల్లో ఇంగ్లీషు మాధ్యమాన్ని తప్పనిసరి చేస్తే, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ ఉత్తర్వులను కొట్టివేసింది. తెలంగాణలో 2022-23 నుంచి సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు ఇంగ్లీషు మాధ్యమం వచ్చింది. ఈ వాదాలన్నిటిలో హక్కు ప్రభుత్వానిదా, తండ్రిదా, యాజమాన్యానిదా అన్నదే ప్రశ్న. పిల్లవాడికి అర్థమవుతున్నదా లేదా అనేది ఎవరి వాదనలోనూ ప్రధానం కాలేదు. ఎంచుకోవడానికి మంచి తెలుగు బడీ, మంచి ఇంగ్లీషు బోధనా రెండూ లేనిచోట స్వేచ్ఛ అనే మాటకు అర్థం ఏమిటి?

మన చిత్తశుద్ధికి మరొక పరీక్ష ఉంది. తెలుగే పరభాష అయిన పిల్లలు మన మధ్య ఉన్నారు. సవర, కోయ, గోండు, కొలామి పిల్లలు బడిలో అడుగుపెట్టిననాడు వినేది తమ ఇంటిభాష కాదు, తెలుగు. మా వీధి పిల్లవాడికి ఇంగ్లీషు ఎలాంటిదో వాళ్లకు మన వాచకం అలాంటిది. ‘చిన్నపిల్లలు కదా, తెలుగు అదే వస్తుంది’ అని మనం తేలిగ్గా అనుకున్నాం. ఆ ధోరణికి గిడుగు రామమూర్తి పంతులు ఎదురునిలిచాడు. వాడుక తెలుగు కోసం పోరాడిన ఆ మనిషే పర్లాకిమిడిలో పెద్దవయసులో సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పించాడు. పుస్తకాలు రాశాడు, నిఘంటువు కూర్చాడు. పిల్లవాడు గురువు భాషకు రావాలనలేదు, గురువు పిల్లవాడి భాషకు పోవాలన్నాడు. తన పిల్లల నోట తెలుగు ఉండాలని కోరుతూ, సవర పిల్లవాడి నోట సవర ఉండాలని కోరనివాడిది భాషాభిమానం కాదు, స్వార్థం.

అయితే ఏం చేయమంటారని అడుగుతారు. బోధన పిల్లవాడికి అర్థమయ్యే భాషలో సాగాలి. ఇంగ్లీషును మాధ్యమంగా కాక భాషగా, మంచి భాషగా, ప్రతి సర్కారు బడిలో చెప్పాలి. చిన్నతరగతుల్లో దాన్ని ఆటగా, పాటగా, అర్థంతో, తప్పుకు శిక్ష లేకుండా పరిచయం చేయాలి. పెద్దతరగతుల్లో గంటలు పెంచి గట్టిగా నేర్పాలి. చెప్పే ఉపాధ్యాయులకు ముందు ఆ భాష నోటికి రావాలి, ఆ శిక్షణకయ్యే ఖర్చు ప్రభుత్వం భరించాలి. ఉన్నవాడి బిడ్డా లేనివాడి బిడ్డా ఒకే బడికి పోయేదాకా ఈ కోరికలకు బలం రాదు. ఎందుకంటే తన బిడ్డ లేని బడిని బాగుచేయడానికి ఏ అధికారీ తొందరపడడు. ఈ ఆఖరి మాట నామీద నేను చేసుకుంటున్న ఫిర్యాదు కూడాను.

సామెత దగ్గరికి తిరిగివస్తాను. మొక్కను వంచవచ్చు, నిజమే. వంగడం మొక్క గొప్పతనం కాదు, దాని నిస్సహాయత. పసివాడు ఎదురుచెప్పలేడు కనక, వాడు భరిస్తున్నదాన్నల్లా వాడు నేర్చుకుంటున్నాడని మనం లెక్కవేసుకోకూడదు. తొందరగా నేర్చుకోవడం పసితనం లక్షణమైతే తొందరగా మరచిపోవడమూ దాని లక్షణమే. మూడు నుంచి ఎనిమిదేళ్ల మధ్య ఫ్రాన్సుకు దత్తతపోయిన కొరియా పిల్లలు పెద్దయ్యాక కొరియన్ వింటే తమ పుట్టుభాష అని కూడా గుర్తుపట్టలేకపోయారని 2003లో ఒక పరిశోధన వెల్లడించింది. ఆ మెత్తదనం మన చేతిలో ఉన్నప్పుడు భయపడవలసింది మనం.

ఆ ఒడియా పిల్లను గురించి చెప్పి ముగిస్తాను. ఒడియాలో అక్షరాలు చెప్పే బడి ఆ బట్టీ దగ్గర ఆ ఏడు లేదు. ఊళ్లోని తెలుగు బడికి పంపుదామంటే చెల్లెల్ని ఎవరు చూడాలి? దానికి రెండు భాషలు వచ్చు, ఏ భాషలోనూ ‘అ’ రాదు. వైశాఖం వెళ్లాక ఒక సాయంత్రం, మూటలు కట్టుకున్న తరవాత, తల్లి దాన్ని వెంటబెట్టుకుని మా వాకిట్లోకి వచ్చింది. ఆమెకు తెలుగు అంతగా రాదు. పిల్లను ముందుకు నెట్టి, “సార్, చదువు?” అన్నది, అంతే. నేను, “వచ్చే ఏడు వచ్చినప్పుడు చూద్దాం” అన్నాను. పిల్ల దాన్ని ఒడియాలో తల్లికి చెప్పింది. నా జవాబులో ఏమీ లేదని దానికి అర్థమయిందేమో నాకు తెలియదు. తప్పులేకుండా చెప్పిందనే అనుకుంటాను.

మర్నాడు లారీలో వెళ్లిపోయారు. మరుసటి ఏడు ఆ బట్టీకి వేరే కుటుంబాలు వచ్చాయి.